చనిపోయానన్న మనిషికి ఊపిరి పాఠం

ప్రభుత్వాసుపత్రిలో ధ్యానం నేర్పడానికి ఒక ఉద్యోగం ఉంటుందని, ఆ ఉద్యోగంలో చేరేదాకా నాకే సరిగ్గా తెలియదు. యానాం నుంచి పెట్టె పట్టుకుని పుదుచ్చేరిలో దిగాను. మందుల గిడ్డంగి పక్కన ఒక గది చూపించి "ఇదే మీ విభాగం" అన్నారు. అందులో నాలుగు చాపలు, ఒక టేబుల్ ఫ్యాను, ఎవరో రోగి వదిలేసిపోయిన చేతికర్ర ఉన్నాయి. ఆ గదిలోనే నా తల నెరిసింది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కనుక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చేవి కొన్ని రాసి పెడదామని మొదలుపెట్టాను. ప్రమోషన్లు, బదిలీలు, కాగితాల గోల ఇందులో ఉండవు. వాటిలో ఉన్నంతకాలం నాకే ఏమీ అర్థం కాలేదు, మీకేం చెప్పను?

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను శాంతమూర్తిని కాను. చిన్న విషయానికే చిర్రెత్తుకొస్తుంది. "మనసును తేలిగ్గా వదిలేయండి" అని క్లాసులో చెబుతూనే, సెల్‌ఫోన్ మోగించిన మనిషిని కళ్లతో కాల్చేసిన రోజులు చాలా ఉన్నాయి. "ఊరందరికీ నిదానం పంచుతారు, ఇంటికి మాత్రం మిగల్చరు" అని మా ఆవిడ అంటూ ఉంటుంది. అయినా ఉద్యోగం గడిచిపోయింది. ఈ పనికి కావలసింది ఓపిక, అది కోపిష్టి వాళ్లకు కూడా నేర్చుకుంటే వస్తుంది.

శనివారం వచ్చేవాళ్లు

మామూలు రోజుల్లో నా దగ్గరకు వచ్చేది బీపీ వాళ్లు, నడుము నొప్పి వాళ్లు, ఇంట్లో కాసేపు తప్పించుకుందామని వచ్చే పెన్షనర్లు. అసలు పని శనివారం మొదలయ్యేది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ నుంచి కుర్రకారు రెండు రోజుల సెలవుకు దిగేది. సముద్రం చూసి, ఫొటోలు తీసుకుని, ఆ పైన ఏదో ఒకటి మింగేవాళ్లు. కొందరు కొండల మీద మొలిచే పుట్టగొడుగులు, కొందరు నాలుక మీద పెట్టుకునే కాగితం ముక్క.

మత్తు అంటే తూలడం, వాంతి చేసుకోవడం, పడుకోవడం అని మనకు తెలుసు. ఇది ఆ జాతి కాదు. గోడలు ఊపిరి తీస్తున్నట్టు, నేల మీద టైల్సు నడుస్తున్నట్టు, గడియారం ఇక ఎప్పటికీ కదలనట్టు ఉంటుందట. బాగున్నంతసేపు బాగానే ఉంటుంది. ఒక్కసారి భయం పట్టుకుంటే మాత్రం, ఆ భయాన్నే చూసి ఇంకా భయపడి, స్నేహితుల భుజాల మీద వేలాడుతూ మా క్యాజువాలిటీకి వచ్చేవాళ్లు. డాక్టర్లు చూడవలసినవన్నీ చూసి, ప్రాణానికి ప్రమాదం లేదనుకున్నాక "యోగా సార్‌ని పిలవండి" అనేవాళ్లు. ఆ రోజు నా సాయంత్రం కాఫీ అంతటితో సరి.

వీళ్లలో చాలామంది ధ్యానం వచ్చిన వాళ్లే. అదే నాకు మొదట్లో వింతగా ఉండేది. మందు మింగే ముందు కాసేపు ధ్యానం చేస్తే లోపల ఏం కనబడినా భయపడరని ఎక్కడో చదివి, నెల రోజులు ఫోన్లో గంట మోగించుకుని కూర్చుని, ధైర్యంగా మింగేసేవాళ్లు. హెల్మెట్ పెట్టుకున్నాం కదా అని లారీకి ఎదురెళ్లినట్టుంటుంది వీళ్ల వ్యవహారం. దోమ కుడితే కదలకుండా కూర్చోలేనివాడు, గోడ కరిగి మీదకు వస్తుంటే కూర్చుంటాడా? మింగమని నేను ఎవరికీ చెప్పను. మింగి వచ్చినవాణ్ని తిట్టనూ తిట్టను. తిట్టడానికి మర్నాడు వాళ్ల అమ్మ వస్తుంది.

సముద్రమైపోయిన కుర్రాడు

నాకు పైన పరమశివం మాస్టారని ఒక సీనియర్ శిక్షకుడు ఉండేవారు. ఆయన గొంతు పాలమీగడ. ఆయన "హాయిగా..." అంటే చాలు, మొదటి వరుసలో గురక మొదలయ్యేది. ఆ గొంతు మీద ఆయనకు అపారమైన నమ్మకం.

ఒక శనివారం బెంగళూరు కుర్రాడొకడు వణుకుతూ వచ్చాడు. మాస్టారు మంచం పక్కన కూర్చుని, తన క్లాసులో చెప్పే పాఠమే ఇంగ్లీషులో మొదలుపెట్టారు. కళ్లు మూసుకోమన్నారు. వాడు మూసుకుని వెంటనే తెరిచేశాడు, లోపల ఇంకా ఎక్కువమంది ఉన్నారన్నాడు. మాస్టారు వెనక్కి తగ్గలేదు. "నువ్వు ఈ దేహం కాదు. నువ్వు సముద్రానివి. అంతులేని సముద్రానివి" అన్నారు. వాడి ముఖం ఒక్కసారిగా విప్పారింది. మాస్టారు నా వైపు చూసి, చూశావా అన్నట్టు తల ఊపారు.

ఆ తర్వాత మంచం దిగనన్నాడు. తను దిగితే వార్డు మునిగిపోతుందట. పక్క మంచాల వాళ్లను కాళ్లు పైకి పెట్టుకోమని బతిమాలాడు. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన పెద్దాయన ఒకరు ఎందుకొచ్చిన గొడవని నిజంగానే కాళ్లు మడిచి కూర్చున్నారు. అసలు చిక్కు ఏమిటంటే కుర్రాడికి మూత్రం వస్తోంది, సముద్రం కనుక పోయకూడదని బిగబట్టుకున్నాడు. ఆయా బకెట్టు, తుడుపుకర్ర తెచ్చి గుమ్మంలో సిద్ధంగా నిలబడింది. చివరకు నేను "ఇప్పుడు పాటు. నీళ్లు వెనక్కి వెళ్లే వేళ. ఇప్పుడు పోస్తే ఎవరికీ ఏమీ కాదు" అని చెప్పి బాత్రూముకు తీసుకెళ్లాను.

మన దగ్గర ధ్యానం చెప్పేవాళ్లకు ఉన్న జబ్బు ఇదే. పెద్ద పెద్ద మాటలు అలవాటుగా వచ్చేస్తాయి. మామూలు మనిషి "నువ్వు దేహం కాదు" అని వింటే తల ఊపి, ఇంటికెళ్లి అదే దేహానికి పెరుగన్నం పెడతాడు. ఆ స్థితిలో ఉన్నవాడు నమ్మేస్తాడు. కాబట్టి నాయనలారా, చిన్న మాటలు చెప్పండి. కళ్లు తెరిచే ఉంచమనండి. "ఇది నేల. ఇవి నీ పాదాలు. వచ్చేది రానీ, అదే పోతుంది. నేను ఇక్కడే ఉన్నాను." ఇంతకన్నా పెద్ద వేదాంతం క్యాజువాలిటీలో పనికిరాదు.

ఊపిరి గమనించమంటే కొందరికి ఊపిరే దొరకదు. అలాంటి ఒక చెన్నై అమ్మాయికి ఎదురుగా గోడ మీద ఏముందో అది చూడమన్నాను. గోడ మీద బల్లి ఉంది. ఆ అమ్మాయి బల్లిని చూస్తూ ఎంత చక్కగా కుదురుకుందంటే, నా క్లాసులో అంత ఏకాగ్రత ఎవరిలోనూ చూడలేదు. అంతలో బల్లి ట్యూబులైటు వెనక్కి పోయింది. అయినవాళ్లు పోయినట్టు ఏడ్చింది. నేనూ నర్సమ్మా స్టూలెక్కి, చీపురు పుల్లతో బల్లిని బయటకు రమ్మని బతిమాలుతుండగా ఆసుపత్రి పెద్దలు తనిఖీకి వచ్చారు. ఏం చేస్తున్నారని అడిగారు. ధ్యానమని చెప్పాను.

ముందు బీపీ

క్యాజువాలిటీకి పెద్ద డాక్టర్ కదిరేశన్. ఆయన తమిళుడు, మా ఇద్దరి మాటలూ తమిళంలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నోరు మంచిది కాదు. "మీ ఊపిరి ఏ మందుల షాపులోనూ దొరకదు, అందుకే దానికి గడువు తేదీ లేదు" అని ఎగతాళి చేసేవారు. నాకు ఒళ్లు మండేది. కానీ నాతో పనిచేసిన పెద్దలందరిలోకీ ఎక్కువ నేర్పింది ఆయనే.

ఒకసారి ఒక మనిషి నిశ్చలంగా కూర్చుని ఉంటే పరమశివం మాస్టారు చెయ్యి ఎత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు, ఇది చాలా లోతైన స్థితి అన్నారు. కదిరేశన్ గారు వచ్చి, ఆ మనిషి వేలు గుచ్చి చూసి, "లోతుకు పోయింది ఈయన కాదు, ఈయన షుగరు" అని గ్లూకోజు ఎక్కించారు. అప్పటినుంచి నేను ఎవరి పక్కన కూర్చున్నా ముందు బీపీ చూశారా, షుగరు చూశారా, జ్వరం చూశారా అని అడిగాకే నోరు తెరిచేవాణ్ని. మీరూ అంతే చేయండి. డాక్టరు చూడకముందు ధ్యానం చెప్పేవాడు పిచ్చివాడన్నా అయి ఉండాలి, హంతకుడన్నా అయి ఉండాలి.

పూజ గదిలో చాక్లెట్

ఇక అసలు సంగతికి వస్తాను. ఎవరైనా నన్ను "మీ సర్వీసులో గుర్తున్న కేసు ఏది" అని అడిగితే ఇదే చెబుతాను.

వరదరాజులు గారికి పుదుచ్చేరి ఉప్పళం పేటలో కొబ్బరి తాళ్ల కొట్టు ఉంది. తాతల నాడే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. ఆయనకు తెలుగు అక్షరాలు రావు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. గుండెకు స్టెంట్ పడింది, దానికి తోడు ఉబ్బసం. పిల్లలు లేరు. భార్య కనకవల్లి గారూ ఆయనా కింద ఉంటూ, మేడ మీద గదిని వచ్చేపోయేవాళ్లకు అద్దెకు ఇస్తుంటారు.

ఆ గదిలో శశాంక్ అని హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు దిగాడు. తెల్లవారగానే డాబా మీద పద్మాసనం వేస్తాడని కనకవల్లి గారికి అతనంటే గౌరవం. అతని ఆలోచన వేరు. పుట్టగొడుగులు కలిపిన చాక్లెట్ ఒకటి సంపాదించాడు. అది తిని, దాని ప్రభావం ఉన్నంతసేపూ ధ్యానంలో కూర్చుని, భయపడకుండా లోపలంతా చూసి రావాలనుకున్నాడు. తినే చోటు పవిత్రంగా, మనసుకు హాయిగా ఉండాలని ఎక్కడో చదివాడు. ఆ ఇంట్లో పవిత్రమైన చోటేదని చూస్తే పూజ గది కనబడింది. చాక్లెట్‌ను ముక్కలు చేసి, ఇత్తడి పళ్లెంలో పెట్టి, మీద ఒక మందార పువ్వు ఉంచి, దేవుడి పటం ముందు పెట్టి స్నానానికి వెళ్లాడు.

దేవుడి ముందు పళ్లెంలో పువ్వు కింద ఉన్న తీపి వస్తువు చివరకు ఏమవుతుందో మన ఇళ్లలో పుట్టిన చంటిపిల్లాడికి కూడా తెలుసు. శశాంక్‌కూ తెలుసు. తన చాక్లెట్ కూడా ఆ కోవలోకే వస్తుందని మాత్రం తట్టలేదు.

వరదరాజులు గారు వచ్చారు. మేడ మీది తంబి భక్తికి సంతోషించారు. హారతి ఇచ్చి, కుడి అరచేతిలోకి ఒక ముక్క తీసుకుని, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ప్రసాదాన్ని ఎవరూ వాసన చూడరు, ఇది ఏమిటని అడగరు. రుచిగా ఉందని ఇంకొకటి వేసుకున్నారు. కనకవల్లి గారికి ఆ రోజు ఒక్కపొద్దు, అందుకని తన ముక్కను కళ్లకద్దుకుని పక్కన పెట్టారు. ప్రసాదం చీమల పాలవుతుందని ఆయన అదీ తిన్నారు. పళ్లెంలో మిగిలిన పొడిని పిట్టగోడ మీద కాకికి పెట్టారు. ఆ కాకి గతి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

శశాంక్ తల తుడుచుకుంటూ వచ్చి ఖాళీ పళ్లెం చూశాడు.

"అంకుల్, ఇందులో చాక్లెట్ ఉండాలి..."

"బాగుండాది తంబీ. కొంచం చేదు. ఈసారి చక్కెర ఎక్కువ ఎయ్యమను."

ఆ కుర్రాడిలో మెచ్చుకోవలసింది ఒకటుంది. దాచలేదు. అక్కడికక్కడే ఉన్నదంతా చెప్పి, ఆటో పిలిచి, ఇద్దరినీ ఎక్కించుకుని మా ఆసుపత్రికి వచ్చాడు.

తల ఏ దిక్కున ఉంది

దారిలో పెద్దాయన బాగానే నవ్వుతూ వచ్చారట. ఆటోవాడి మెడ మీద మడతలు అందంగా ఉన్నాయని వాడితోనే చెప్పారట. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసుకెళుతుంటే పైన లైట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి, చుట్టూ తెల్లబట్టల వాళ్లు కనిపించారు, పక్కన కనకవల్లి గారు మౌనంగా నడుస్తున్నారు. ఇవన్నీ కలుపుకుని ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. తను చనిపోయారు.

కదిరేశన్ గారు ఈసీజీ తీశారు. నన్ను పక్కకు పిలిచారు. "గుండె ఇప్పటికి బాగుంది. కానీ భయపడితే నాడి పెరుగుతుంది, ఈ గుండె ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పలేను. మత్తు సూది ఇద్దామంటే ఉబ్బసం, ఊపిరి మందగిస్తుందేమోనని సందేహిస్తున్నా. సూది నా చేతిలోనే ఉంటుంది. సాయంత్రం దాకా ఈయన భయపడకుండా చూడండి." ఎగతాళి లేకుండా ఆయన నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

మంచం పక్కన కూర్చుని నాకు తెలిసిన పాఠం మొదలుపెట్టాను.

"పెద్దాయనా, ఊపిరి వస్తోంది, పోతోంది. దాన్నే చూస్తూ ఉండండి."

"సచ్చినోడికి ఊపిరి యాడిది?"

"ఇదిగో, మీ పొట్ట పైకీ కిందికీ కదులుతోంది చూడండి."

ఆయన తల ఎత్తి తన పొట్టను చాలాసేపు చూసుకున్నారు. ముఖం పాలిపోయింది. "సచ్చినాక గూడా కదలతా ఉండాదంటే, నేను దయ్యమైపోయినా" అన్నారు.

మానిటర్ మీద అంకె పైకి లేచింది. కదిరేశన్ గారు నా చెవిలో "మీరు మాట్లాడే కొద్దీ నాడి పెరుగుతోంది" అన్నారు. పాదాలు నేలకు ఆనించమంటే, తనను పాడె మీదికి ఎత్తేశాక ఇంక నేల ఎందుకు తగలాలన్నారు. గోడ చూడమంటే, దానికున్న కిటికీలో పొద్దుటి ఎండను చూసి తన తల పడమటి వైపు ఉందని పసిగట్టారు.

"ఏందయ్యా ఇది? పీనుగ తల దక్షిణం పక్క గదా పెట్టల్ల. ఇంత పెద్ద ఆస్పత్రి, ఈ మాత్రం తెలీదా? కనకా, ఈళ్లకు చెప్పు."

కనకవల్లి గారు కోపంతో వణికిపోతున్నారు. "ఒక ముక్క తిన్నోడు గమ్మున ఉండల్ల. నా ముక్క గూడా ఎవరు తినమన్నారు నిన్ను?"

"ప్రసాదం పారేస్తారా?"

అంకె ఇంకా పైకి పోయింది. అప్పుడు నాకు ఒకటి తోచింది. ఇన్నేళ్లూ ఆ కుర్రాళ్లకు నేను చెబుతున్నది వచ్చినదానితో పోట్లాడొద్దనే కదా. ఈయనకు వచ్చింది చావు. పొద్దుటినుంచి నేను దానితోనే పోట్లాడుతున్నాను.

"మంచం తిప్పుదాం" అన్నాను. నర్సమ్మ వైర్లు ఉన్నాయంది. కదిరేశన్ గారు నన్నూ మానిటర్‌నూ మార్చి మార్చి చూసి, "తిప్పండి" అన్నారు. నలుగురం పట్టి, వైర్లు తెగకుండా, తల దక్షిణానికి వచ్చేలా మంచాన్ని తిప్పాం. మంచం వార్డు మధ్యకు అడ్డంగా వచ్చి నిలిచింది. మందుల బండి తోసుకొచ్చే మనిషి రెండు వైపులా చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

"సరి" అన్నారు వరదరాజులు గారు, తృప్తిగా.

"పెద్దాయనా, చనిపోయినవాళ్లు కాలివేళ్లు బిగబట్టరు. వదిలేయండి" అన్నాను. వదిలేశారు. పిక్కలు వదిలేయమన్నాను, నడుము, చేతులు, దవడ వదిలేయమన్నాను. నా సర్వీసంతా చాపల మీద బతికున్నవాళ్లకు శవాసనం నేర్పాను. ముక్కు గోక్కునేవాడు ఒకడు, ఒక కన్ను తెరిచి గడియారం చూసేవాడు ఒకడు. ఆ ఆసనం సరిగ్గా వేసిన మనిషిని ఆ రోజే చూశాను. చనిపోయినవాడికి మరి వేరే పనేముంటుంది? అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

భయపడనివాడు, భయపడినవాడు

పెద్దాయన కుదుటపడ్డారనుకుని వరండాలోకి వస్తే శశాంక్ నేల మీద కూర్చుని ఉన్నాడు. గబగబా ఊపిరి తీసి తీసి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. చాక్లెట్ నలుసు కూడా తినని మనిషి ఇతను.

"సార్, ఆయనకేమన్నా అయితే నేను ఏం చేయాలి సార్? ఎంత ధ్యానం చేశాను సార్, ఇప్పుడు ఒక్కటి కూడా గుర్తు రావట్లేదు."

నాకు చెంప మీద ఒకటి ఇవ్వాలనే అనిపించింది. నిజమే చెబుతున్నాను. కానీ అతని పెదవులు పాలిపోయి ఉన్నాయి. మెల్లగా వదులు, ఇంకా మెల్లగా, అని ఊపిరి సరిచేయించి, లోపలికి తీసుకొచ్చి పెద్దాయన మంచం పక్కన కూర్చోబెట్టాను. ఆయన మణికట్టు అతని చేతిలో పెట్టాను. "లెక్కపెట్టకు. ఊరికే పట్టుకో. కొట్టుకుంటోందని తెలిస్తే చాలు."

అతను పట్టుకున్నాడు. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి.

"ఎవరది?" అన్నారు పెద్దాయన కళ్లు తెరవకుండా.

"నేను అంకుల్, శశాంక్."

"నువ్వూ సచ్చినావా తంబీ?"

అతను నా వైపు చూశాడు. నీ ఇష్టం అన్నట్టు చెయ్యి తిప్పాను. "లేదు అంకుల్. మీ నాడి కొట్టుకుంటుంది అంకుల్. చాలా బాగా కొట్టుకుంటుంది."

"కొట్టుకోనీలే. ఇన్నాళ్ల అలవాటు, ఒక్కరోజులో పోతాదా?"

నర్సమ్మ మాస్కు వెనక నవ్వుకుంది. అంతా గట్టెక్కిందనుకున్నాం. మధ్యాహ్నం దాటుతుండగా పెద్దాయన కళ్లు తెరిచారు. పైకప్పు వైపు కాకుండా కనకవల్లి గారి వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆమె పొద్దుటినుంచి పచ్చినీళ్లు ముట్టకుండా స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు.

"నేను పోయినా గదా" అన్నారు నెమ్మదిగా. "మరి కనక ఒక్కతే యాడుంటాది?"

తలుపు వైపు తల తిప్పారు. "రేత్రి తలుపు గడియ ఎవరేస్తారు? దానికి గడియ అందదు. నేనే గదా ఎత్తులో పెట్టిచ్చినా. సార్, నన్ను ఎనక్కి పంపండి. గడియ దించి వస్తా."

లేవబోయారు. ఆయాసం అందుకుంది. మానిటర్ మోగడం మొదలుపెట్టింది. పడుకోండి పెద్దాయనా అన్నాను. పాదాలన్నాను, ఊపిరన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. ఒక్కటీ ఆయన చెవికెక్కలేదు. కదిరేశన్ గారు సూది మూత తీశారు. నేను పక్కకు జరిగాను.

కనకవల్లి గారు స్టూలు మీంచి లేచారు. చెప్పులు విడిచారు. మంచం ఎక్కి, ఆయన పక్కన ఉన్న జానెడు చోటులో, తల దక్షిణానికే పెట్టుకుని పడుకున్నారు.

"నేను గూడా సచ్చిపోయినా" అన్నారు.

ఆయన తల తిప్పి చూశారు. "నువ్వెప్పుడు?"

"నీతోనే. పొద్దన్నే. నువ్వు చూసుకోలే."

"నిజంగానా?"

"నీతో ఎప్పుడన్నా అబద్ధం చెప్పినానా? గడియతో ఇంక పనిలే. గమ్మున కండ్లు మూసుకో."

ఆయన ఆమె ముఖాన్ని కాసేపు వెతికి, కళ్లు మూసుకున్నారు. ఆమె కూడా మూసుకున్నారు. అంకె దిగింది, ఇంకా దిగింది, ఆగింది. కదిరేశన్ గారు సూదికి మూత పెట్టి ట్రేలో పడేశారు. ఇద్దరు ముసలివాళ్లు వార్డు మధ్యలో అడ్డంగా, ఒకే మంచం మీద, వెల్లకిలా పడుకుని ఉంటే ఎవరూ కదల్చలేదు. సందర్శకుల వేళకు వచ్చినవాళ్లు చేతులు జోడించి పక్కనుంచి వెళ్లిపోయారు.

పిల్లలూ, ఈ పద్ధతిని మీ పాఠాల్లో చేర్చుకోమని నేను చెప్పలేను. ఎందుకంటే ఆ మాట నేను చెప్పి ఉంటే ఆయన నమ్మేవారు కాదు, నేను పక్కన పడుకుంటే నాడి ఇంకా పెరిగేది. నేను చెప్పగలిగింది ఇంతే. మీకు తెలిసినదంతా అయిపోయి చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ మనిషి ఎవరి కోసం భయపడుతున్నాడో ఆ మనిషికి దారి వదలండి. గట్టిగా ఊపిరి కూడా తీయకండి.

సాయంత్రం

పొద్దు వాలేవేళకు మందు దిగింది. పైకప్పు పైకప్పులాగే ఉందని వరదరాజులు గారు ప్రకటించారు. డాక్టర్ వైర్లు తీయించేశారు. శశాంక్‌ను ఏం చేయాలన్న ఆసుపత్రి వ్యవహారం పెద్దలు చూసుకున్నారు, అది నా పని కాదు కనుక రాయను. మేడ మీద గది ఖాళీ చేయమని చెప్పింది మాత్రం కనకవల్లి గారు. భోజనానికి ఎప్పుడైనా రమ్మన్నదీ ఆమే.

కాంటీన్ నుంచి ఇడ్లీ పొట్లం తెప్పించాం. వాసన తగలగానే పెద్దాయన లేచి కూర్చున్నారు. "సార్, సచ్చినోళ్లకు ఆకలేస్తాదా?" అని అడిగారు. వేయదన్నాను. తన చేతిని గిల్లుకుని చూసుకున్నారు. పొట్లం విప్పారు. ముక్క తుంచారు. నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయారు.

పక్కన కనకవల్లి గారు ఇంకా కళ్లు మూసుకునే పడుకుని ఉన్నారు. పొద్దుటినుంచి ఉపవాసం, అలసట, ఎప్పుడో నిద్ర పట్టేసింది. ఆయన వంగి ఆమె ముఖంలోకి చూశారు. ఇడ్లీ ముక్క కింద పెట్టేశారు.

"కనకా. నేను బతికే ఉండా. మరి నువ్వో?"

ఆమె పలకలేదు. ఆయన భుజం పట్టి కదిపారు. "నీతోనే అన్నావే. నువ్వు గూడా వచ్చేసెయ్యి కనకా. నేనొక్కణ్నే యాడుండేది?"

ఆమె కళ్లు తెరిచారు. ఆయన్ను చూశారు, పొట్లాన్ని చూశారు, మమ్మల్నందరినీ చూశారు. "వచ్చినా లే" అన్నారు. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. పొద్దుటినుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆమె ఏడుపు వింటూ నేనూ నిలబడలేకపోయాను, కిటికీ దగ్గరకు వెళ్లాను. కదిరేశన్ గారు ఆపేసిన మానిటర్ వైపు తదేకంగా చూస్తూ నిలబడ్డారు.

వరదరాజులు గారు ఎడమచేత్తో ఆమె తల నిమురుతూ, కుడిచెయ్యి వైపు చూసుకున్నారు. శశాంక్ తల వంచుకుని ఆ మణికట్టును మళ్లీ పట్టుకుని కూర్చున్నాడు.

"తంబీ, ఇంక చెయ్యి వదులు" అన్నారు. "ఈమెకు ఇడ్లీ తినిపించల్ల."